పెళ్లి వీడియోలోంచి భోజనాల పంక్తి ఎప్పుడు మాయమైంది?

నాకు ఎక్కువగా వచ్చే మెసేజ్ ఇది: "బ్రో, కెమెరా కొన్నాను. వీకెండ్స్‌లో పెళ్లి వీడియోలు తీస్తే సైడ్ ఇన్‌కమ్ వస్తుందా?"

వస్తుంది. కానీ పంచాంగానికి వీకెండ్ తెలీదండి. నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ పిఠాపురంలో ఈ పని మొదలెట్టినప్పుడు మొదటి ఆర్డరే బుధవారం తెల్లవారితే గురువారం, రాత్రి 2 గంటల 40 నిమిషాలకి ముహూర్తం. పొద్దున్నే ఆఫీస్ కాల్. మాఘం, వైశాఖం, శ్రావణంలో ఒకే రోజుకి నాలుగు ఫోన్లు వస్తాయి. ఆషాఢం, మూఢం వస్తే కెమెరా బ్యాగు తెరిచే పనే ఉండదు. ఈఎంఐ మాత్రం నెలనెలా కట్టాలి.

సరే, అసలు కథకి వద్దాం. ఆ పెళ్లికి నాలుగు నిమిషాల టీజర్ ఇచ్చాను. డ్రోన్ షాట్లు, స్లో మోషన్, అందరూ సూపర్ అన్నారు. మూడు నెలల తర్వాత పెళ్లికూతురి నాన్నగారు ఫోన్ చేశారు. "బాబూ, మా అమ్మ పోయింది. నువ్వు తీసినదాంట్లో ఆవిడ ఉన్న ముక్క ఏదైనా ఉందా?"

హార్డ్ డిస్కు మొత్తం వెతికాను. ఆరు సెకన్లు దొరికింది. అందులోనూ ఆవిడ వెనకాల మసగ్గా ఉన్నారు, ఫోకస్ పెళ్లికూతురి గాజుల మీద ఉంది.

ఆ రాత్రి మా అమ్మానాన్నల పెళ్లి క్యాసెట్ వేసుకుని చూశాను. మూడు గంటలు. అందులో అరగంటకి పైగా భోజనాలే! పంక్తిలో ఒక్కొక్కరి ముందూ కెమెరా ఆగింది. సిగ్గుపడి చెయ్యి అడ్డం పెట్టుకున్న అత్తయ్య, పులిహోర మళ్లీ వేయించుకుంటున్న తాతయ్య. చిన్నప్పుడు ఫార్వర్డ్ కొట్టిన భాగమే ఇప్పుడు బంగారం.

మరి అప్పుడు అంతమంది ఎలా పడ్డారు? ఇక్కడే హిస్టరీ ఉంది.

వీడియోకి ముందు స్టూడియో ఫోటోగ్రాఫర్లు వాడిన 120 రోల్‌లో చదరం ఫోటోలు 12 వచ్చేవి. తర్వాత 35 ఎంఎం రోల్‌లో 36. ప్రతి క్లిక్కూ డబ్బే. అందుకే తాళి, తలంబ్రాలు, ఒక గ్రూప్ ఫోటో, అంతే.

1976లో జపాన్‌లో జేవీసీ కంపెనీ వీహెచ్ఎస్ తెచ్చింది. మన దేశంలో దూరదర్శన్ 1982లో కలర్ అయ్యింది. ఆ తర్వాత వీసీఆర్‌లు, గల్ఫ్ నుంచి వచ్చే చుట్టాల పెట్టెల్లో సహా, ఊళ్లలోకి దిగాయి. భుజం మీద పానాసోనిక్ కెమెరా, పక్కన హాలోజన్ లైటు పట్టుకున్న కుర్రాడు, వెనక వైరు. ఆ లైటు మీద పడితే చాలు, అందరూ నవ్వు ఆపేసి బిగుసుకుపోయేవారు!

ఈ-180 క్యాసెట్ అంటే 180 నిమిషాలు. నింపాలి కదా? వీడియో ఆయన విడిది నుంచి వంటశాల దాకా తిరిగేవాడు. పార్టీ కూడా "మా వాళ్లందరూ పడ్డారా?" అనే అడిగేది. అలా ఊరు మొత్తం రికార్డయ్యింది.

2008లో కానన్ 5డీ మార్క్ 2 వచ్చింది. ఫోటో కెమెరాలోనే ఫుల్ హెచ్‌డీ వీడియో, వెనకాలంతా బ్లర్, అచ్చం సినిమాలాగా. కానీ ఒక క్లిప్పు ఫుల్ హెచ్‌డీలో దాదాపు 12 నిమిషాలకి ఆగిపోయేది. ముక్కలు ముక్కలుగా తీయడం అలవాటైంది. తర్వాత ఫోన్లు వచ్చాయి, టీజర్లు వచ్చాయి, రీల్స్ వచ్చాయి. చూసేవాళ్లు పెళ్లివారి చుట్టాలు కాదు, ఎవరో తెలియనివాళ్లు. వాళ్లకి మీ నాయనమ్మతో ఏం పని?

అంటే చూడండి, 36 ఫోటోల రోజుల్లో జంటే, మూడు గంటల క్యాసెట్‌లో ఊరంతా, ఇప్పుడు మెమరీ కార్డులో బోలెడంత జాగా ఉండి మళ్లీ జంటే. ఈసారి లోటు జాగాది కాదండి, మనం కెమెరా తిప్పకపోవడమే.

అందుకే ఇప్పుడు నేను రెండు పనులు చేస్తున్నా. పెళ్లివారి దగ్గర ముందే పెద్దవాళ్ల లిస్టు తీసుకుంటా. భోజనాల దగ్గర పంక్తి మొత్తం ఒకసారి నడుస్తా, ఒక్కొక్కరి దగ్గరా పది సెకన్లు. టీజర్‌లో పెట్టను, కానీ విడిగా ఫైల్ ఇస్తా. మొదలెట్టబోయే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, దీనికి కొత్త లెన్స్ అక్కర్లేదు.

మిగతావాళ్లకి ఒక మాట. ఇంట్లో పెళ్లి క్యాసెట్ ఉంటే బీరువా పైనుంచి దింపండి. మన గోదావరి తేమకి టేపు బూజు పడుతుంది. జపాన్‌లో ఫునాయ్ కంపెనీ 2016లో వీసీఆర్ తయారీ ఆపేసింది, పాత మెషీన్లు పోతే అంతే సంగతులు. ఈ ఏడాదే డిజిటల్ చేయించండి. బూజు కనిపిస్తే మాత్రం మెషీన్‌లో పెట్టకండి, ముందు తెలిసినవాళ్లతో క్లీన్ చేయించండి.

ఆ నాన్నగారికి నా ఆరు సెకన్లు పంపాను. "చాలు బాబూ" అన్నారు. చాలదని ఇద్దరికీ తెలుసు.

మీ క్యాసెట్‌లో ఎవరు కనిపించారో కామెంట్‌లో రాయండి. ఉంటానండి మరి.