రాజపిప్లా రాజుగారి గుఱ్ఱము

నర్మదా తపతీ నదుల నడుమ, సాత్పురా పర్వతముల పడమటి కొసను ఆనుకొనియున్న రాజపిప్లా యను చిన్న సంస్థానము పేరు 1934 జూన్ 6వ తేదీ ఉదయమునకు ఇంగ్లండు దేశమున ఎఱిగినవారు బహు తక్కువ. ఆ సాయంకాలమునకు ఎఱుగనివారు తక్కువ. ఎప్సం మైదానమున నాడు జరిగిన డెర్బీ పందెములో మహారాజా విజయసింహజీ గారి విండ్సర్ లాడ్ అను కపిలవర్ణపు మగగుఱ్ఱము మొదటిదిగా వచ్చినది. ఐదవ జార్జి చక్రవర్తి స్వయముగా మహారాజును అభినందించెను. 1780లో ఆరంభమైన ఆ పందెమును గెలిచిన భారతీయ సంస్థానాధీశుడు నేటికిని విజయసింహజీ ఒక్కడే. ఇస్మాయిలీల మతగురువైన ఆగాఖాను పలుమాఱులు గెలిచెను గాని, ఆయనకు ఏలుటకు రాజ్యము లేదు.

గుఱ్ఱపు పందెములపై మోజు మన సంస్థానములలో క్రొత్తది కాదు. ఆఱవ నిజాము మహబూబ్ అలీ ఖాను మౌలాలిలో జరుగుచుండిన పందెములను 1886లో మలక్‌పేటకు రప్పించుకొనెను. తన కోటకు దగ్గఱగా ఉండుట అందులకొక కారణము. కాని స్వదేశమున ఎన్ని పందెములు గెలిచినను, మూడేండ్ల గుఱ్ఱములు మాత్రమే పరుగెత్తు ఎప్సం డెర్బీ గెలువని యజమానికి ఆ కోరిక తీరునది కాదు. విజయసింహజీ 1926లోనే ఎంబార్గో అను గుఱ్ఱముతో ఐరిష్ డెర్బీ గెలిచియుండెను. అసలుదానికై మఱి ఎనిమిదేండ్లు వేచియుండవలసివచ్చినది.

ఏడాది ప్రాయమున విండ్సర్ లాడ్‌ను ఆయన కొన్న ధర 1300 గినీలు. ఆ కాలపు మేలుజాతి గుఱ్ఱముల లెక్కలో అది పెద్ద ధర కాదు. తండ్రి బ్లాండ్‌ఫర్డ్, 1929 నుండి 1935 వఱకు గల ఏడేండ్లలో నాలుగు డెర్బీ విజేతలను కన్న ఘనత ఆ గుఱ్ఱమునకు కలదు. తల్లి రెస్ప్లెండెంట్ ఐరిష్ ఓక్స్ గెలిచినది. వంశమింత స్పష్టముగా కనబడుచుండగా పెద్దపెద్ద యజమానులు చేయి చాపకపోవుటకు కారణమేమో చెప్పజాలము. గుఱ్ఱముల అంగడిలో కన్ను కంటె అదృష్టమే చురుకైనది.

ట్రైనరు మార్కస్ మార్ష్. అప్పటికి యువకుడు. ఇతని తండ్రి రిచర్డ్ మార్ష్, ఏడవ ఎడ్వర్డు గుఱ్ఱములైన పెర్సిమన్, డైమండ్ జూబిలీ, మినోరూలను తీర్చి మూడు డెర్బీలు గెలిపించినవాడు. అంతటి తండ్రికి కొడుకై అదే వృత్తిలో దిగుట సుఖమైన పని కాదు.

ఇక రౌతు ఛార్లీ స్మర్క్. ఇతనిని గూర్చి కొంత నిలిచి చెప్పవలసియున్నది. లండనులోని లాంబెత్ పేటలో 1906లో పుట్టిన ఈతడు నోటి దురుసునకును చేతి నేర్పునకును సమానముగా పేరుపడినవాడు. 1928లో, నేడు విమానాశ్రయమున్న గాట్విక్‌నందు అప్పుడుండిన పందెపు మైదానమున, వెల్కమ్ గిఫ్ట్ అను గుఱ్ఱముపై స్మర్క్ కూర్చుండెను. ఆరంభపు అడ్డుపట్టీ లేచినది, తక్కిన గుఱ్ఱములు దూకినవి, వెల్కమ్ గిఫ్ట్ మాత్రము కదలదాయెను. గుఱ్ఱము మొండికెత్తినదని స్మర్క్ వాదన. దానిని కదలించుటకు అతడు యత్నింపలేదని విచారకుల తీర్పు. ఐదేండ్లు బహిష్కారము. ఆ శిక్ష యనగా పందెములందు సవారి చేయకుండుట మాత్రమే కాదు. పందెపు మైదానములందు గాని, గుఱ్ఱముల శిక్షణశాలలందు గాని కాలు పెట్టరాదు. ఇరువదియొకటవ యేటినుండి ఇరువదియేడవ యేటివఱకు, అనగా జాకీ దేహమునందు సత్తువ నిండుగా నుండు కాలమంతయు, ఆతనికి నిష్ఫలముగా గడిచినది. 1933 అక్టోబరులో అనుమతి మరల లభించినది. ఎనిమిది నెలలు తిరుగక మునుపే డెర్బీ వచ్చినది.

ఆ యేటి ఫేవరెట్టు విండ్సర్ లాడ్ కాదు. గ్లాన్లీ ప్రభువు గుఱ్ఱమైన కొలంబో అంతవఱకు ఓటమి యెఱుగదు. 2000 గినీల పందెము గెలిచి వచ్చినది. జనుల సొమ్ములో అధికభాగము దానిపైననే. విండ్సర్ లాడ్ చెస్టర్ వాజ్, న్యూమార్కెట్ స్టేక్స్ గెలిచియున్నను బుకీలు దానికి ఒకటికి ఏడున్నర ఇచ్చిరి.

ఎప్సం బాట గుఱ్ఱపు లాడము వలె వంగియుండును. పన్నెండు ఫర్లాంగులు, మొదట ఎక్కుడు, తరువాత టాటెన్‌హాం మలుపు వఱకు దిగుడు, ఎడమకు తిరుగుట, ఆపై లోపలి కంచె వైపునకు వాలియున్న చివరి బాట. వాలులో వేగము హెచ్చిన గుఱ్ఱములు మలుపున ఒకదానినొకటి ఒత్తుకొనును. అచ్చట ఏ సందున దూరవలెనో నిర్ణయించుటకు జాకీకి రెప్పపాటు వ్యవధియైనను ఉండదు. కొలంబోపై నున్న ఆస్ట్రేలియా జాకీ రే జాన్‌స్టన్, ఆఱు డెర్బీలు గెలిచిన స్టీవ్ డోనొహ్యూ ఎక్కిన మెడీవల్ నైట్ వెనుక, కంచెకు దగ్గఱగా వచ్చుచుండెను. పెద్దవాని వెనుక పోవుట క్షేమమని తలచెనేమో! డోనొహ్యూ గుఱ్ఱము మలుపు వద్ద అలసి వెనుకబడసాగినది. ముందు అలసిన గుఱ్ఱము, ఒక ప్రక్క కంచె, మఱియొక ప్రక్క తక్కిన గుఱ్ఱములు. కొలంబోకు దారి మూసికొనిపోయినది. జాన్‌స్టన్ కళ్ళెము బిగబట్టి, వెనుకకు తగ్గి, వెలుపలి నుండి చుట్టి రావలసివచ్చినది. ఆ క్షణముననే స్మర్క్ విండ్సర్ లాడ్‌ను ముందునకు తోలెను. కొలంబో పుంజుకొని వచ్చి దాపునకు చేరెను గాని, చుట్టి వచ్చిన శ్రమ చివరి గజములలో బయటపడినది. గెలుపు స్తంభము వద్ద విండ్సర్ లాడ్ ఒక గుఱ్ఱపు నిడివి ముందు, రెండవది ఈస్టన్, దానికి మెడ యంత వెనుక కొలంబో. పట్టిన కాలము 2 నిమిషముల 34 సెకన్లు. అంతకు ముందటి యేడు హైపీరియన్ నెలకొల్పిన రికార్డుతో సమానము.

వెంటనే వాదము లేచినది. కొలంబోపై తానుండినచో గెలిచియుందునని డోనొహ్యూ పలికెను. దారి కడ్డమైనవాడు తానే యని మఱచెను కాబోలు. రౌతు కొద్దీ గుఱ్ఱము అని మనవారనుట అబద్ధము కాదు. కాని ఆనాటి పందెమున ఆ సామెతను జాన్‌స్టన్ తలపై రుద్దినవారు, అతడు తరువాత మూడు డెర్బీలు గెలుచునని ఊహింపనైన లేదు. అదే వేసవిలో ఎక్లిప్స్ పందెమున స్మర్క్‌కును దారి దొరకక విండ్సర్ లాడ్ కింగ్ సాల్మన్‌, ఉమీద్వార్‌ల వెనుక మూడవదిగా వచ్చినది. రౌతు దోషమున ఓడిన ఆ గుఱ్ఱము తరువాత ఒక్క పందెమైన ఓడలేదు. సెప్టెంబరులో మైలు ముప్పావుకు పైబడిన సెంట్ లెజర్‌ను రికార్డుతో సమానమైన వేగమున గెలిచెను. మఱుసటి యేడు కారొనేషన్ కప్పును, ముందటి యేడు చేజారిన ఎక్లిప్స్‌ను గెలిచెను. మొత్తము పదుమూడు పరుగులలో పది గెలుపులు. ఎప్సంలో దారి తెఱపి యున్నను కొలంబో దీనిని ఓడింపగలిగెడిదని నేను నమ్మను.

అయితే ఈ చివరి గెలుపులు మహారాజువి కావు. 1934లోనే ఆయన విండ్సర్ లాడ్‌ను మార్టిన్ బెన్సన్ అను బుకీకి 50,000 పౌనులకు అమ్మివేసెను. జనులు పందెములలో పోగొట్టుకొన్న సొమ్ముతో ధనికుడైన వ్యాపారి డెర్బీ విజేతకు యజమానుడగుట ప్రభువర్గమును కొంత నొప్పించిన మాట నిజమే. గుఱ్ఱమునకు మాత్రము యజమానుడు మాఱినను శాల మాఱలేదు, మార్ష్ చేతి క్రిందనే యుండెను. సంతానమున దాని పేరు నిలిపినది విండ్సర్ స్లిప్పర్. 1942లో ఐర్లండు త్రిక్రౌను గెలిచెను. ముక్కుకుహరముల వ్యాధితో బాధపడి విండ్సర్ లాడ్ 1943లో కడతేఱెను.

విజయసింహజీ చేసిన బేరము వ్యాపారదృష్టికి మంచిదే. బరోడా గాయకవాడ్ ప్రతాపసింహుడు అందుకు విరుద్ధము: 1945లో ఆ యేటి డెర్బీ విజేతయగు డాంటే సోదరమైన ఏడాది పిల్లను 28,000 గినీలు పెట్టి కొని, తాతగారి పేర సాయాజీరావని పిలుచుకొనెను. అది 1947లో సెంట్ లెజర్ గెలిచిన మాట నిజము. కాని నాలుగేండ్లకే భారతప్రభుత్వము ఆయనను గద్దె దింపెను. ఈ గినీలన్నియు ఏ పొలముల శిస్తు నుండి వచ్చినవో ఎప్సంలో చప్పట్లు కొట్టినవారికి తెలియవలసిన పని లేదు. రాజపిప్లా భిల్లు రైతుకు తెలియును.

రాజపిప్లా 1948లో బొంబాయి రాష్ట్రమున కలిసిపోయినది. సంస్థానములను కలిపిన సర్దారు పటేలు మహావిగ్రహము నేడు ఆ ప్రాంతముననే, నర్మదాతీరమున నిలిచియున్నది. మహారాజు 1951లో పరమపదించెను. మఱుసటి యేడు, యుద్ధకాలమున జర్మనుల చెఱలో మగ్గి తిరిగి వచ్చిన మార్కస్ మార్ష్, నలువది దాటిన స్మర్క్ మరల జతగూడి ఆగాఖాను గుఱ్ఱమైన టుల్యార్‌తో డెర్బీ గెలిచిరి. రెండవదిగా వచ్చిన గే టైమ్‌పై కూర్చున్నవాడు పదునాఱేండ్ల బాలుడు. తరువాత తొమ్మిది డెర్బీలు గెలిచిన లెస్టర్ పిగట్ ఆతడే. ఆతని కథ వేఱు.