హెచ్‌పీవీ టెస్ట్ అంటే ఒక్కటి కాదు: ఏ పరీక్ష ఏం చూస్తుంది, రిపోర్టు వచ్చాక ఏం చెయ్యాలి

గర్భసంచి మూతికి వచ్చే క్యాన్సర్‌ను అది క్యాన్సర్‌గా మారకముందే పట్టుకోవచ్చు. మన ఇళ్లలో బచ్చేదానీ అనే గర్భసంచికి అడుగున ఉండే ఈ మూతినే డాక్టర్లు గర్భాశయ ముఖద్వారం అంటారు. 2022 అంచనాల ప్రకారం ఆ ఒక్క ఏడాదే మన దేశంలో సుమారు 1 లక్షా 27 వేల మంది మహిళలకు ఈ జబ్బు వచ్చింది. దాదాపు 80 వేల మంది చనిపోయారు. ఇంచుమించు అన్ని కేసులకూ మూలం హ్యూమన్ పాపిలోమా వైరస్, అంటే హెచ్‌పీవీ.

జగ్గయ్యపేటలో గానీ నందిగామలో గానీ డాక్టరమ్మ చీటీ మీద ‘హెచ్‌పీవీ టెస్ట్’ అని రాస్తే, నమూనా ఊళ్లోనే తీసినా పరీక్ష విజయవాడలోనో హైదరాబాద్‌లోనో ఉన్న పెద్ద ల్యాబ్‌లో జరగొచ్చు. పేరు ఒకటే అయినా ఒక్కో ల్యాబ్ వాడే పద్ధతి వేరు, చెప్పే జవాబు వేరు. అందుకే డబ్బు కట్టే ముందు కొంచెం తెలుసుకోవడం మంచిది.

పాత పరీక్షలకూ దీనికీ తేడా

ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఎక్కువగా చేసేది వీఐఏ. ముఖద్వారానికి పలుచని వెనిగర్ లాంటి ద్రావణం రాసి, తెల్లబడిన మచ్చలున్నాయేమో నర్సు కంటితో చూస్తుంది. ఖర్చు తక్కువ, ఫలితం అక్కడికక్కడే తెలుస్తుంది. కానీ చూసేవారి అనుభవాన్ని బట్టి జవాబు మారుతుంది.

రెండోది పాప్ స్మియర్. కణాలను గాజు పలక మీద పూసి మైక్రోస్కోపు కింద చూస్తారు. కణాలు మారాయా లేదా అన్నది దీనిలో తెలుస్తుంది. హెచ్‌పీవీ పరీక్ష ఇంకా ఒక మెట్టు ముందుకెళ్లి, కణాలను మార్చే వైరస్ ఉందా లేదా అని వెతుకుతుంది.

హైదరాబాద్ పక్కనున్న మేడ్చల్ మండలంలో రెండు వేలకు పైగా మహిళలకు ఈ మూడు పరీక్షలూ చేసి పోల్చారు. 2010లో వెలువడిన ఆ ఫలితాల్లో హెచ్‌పీవీ పరీక్షే ముందు నిలిచింది. వీఐఏ చాలా కేసులను వదిలేసింది.

ల్యాబ్ లోపల ఏం జరుగుతుంది

హైబ్రిడ్ క్యాప్చర్ 2: చాలా ఏళ్లుగా వాడుకలో ఉన్న పద్ధతి. ప్రమాదకరమైన 13 రకాల హెచ్‌పీవీల్లో ఏదైనా ఉందా అని ఒకేసారి చూస్తుంది. ఉంటే ఉందంటుంది, ఏ రకమో చెప్పదు. నమూనాలో కణాలు సరిపడా ఉన్నాయా అని కూడా చూసుకోదు. బ్రష్ సరిగా తగలకపోతే ‘నెగెటివ్’ అని తప్పు జవాబు రావచ్చు.

పీసీఆర్ పరీక్షలు: వైరస్ డీఎన్‌ఏను లక్షల రెట్లు పెంచి చూస్తాయి. కోబాస్ 14 రకాలను వెతుకుతుంది. అందులో 16, 18 రకాలను విడిగా చెబుతుంది. మిగతా 12ను కలిపి ‘ఇతర రకాలు’ అంటుంది. నమూనాలో మనిషి కణాలున్నాయో లేదో కూడా చూసుకుంటుంది. ఈ క్యాన్సర్లలో సుమారు 70 శాతానికి 16, 18 రకాలే కారణం కాబట్టి వాటిని విడిగా చెప్పడం డాక్టరుకు బాగా అక్కరకొస్తుంది.

చిన్న మెషీన్లు: క్షయ పరీక్షలకు వాడే జీన్ఎక్స్‌పర్ట్ మెషీన్ మీదే హెచ్‌పీవీ క్యాట్రిడ్జ్ కూడా పెట్టొచ్చు. గంటకు కాస్త అటూ ఇటుగా జవాబు వస్తుంది. గోవాలో తయారయ్యే ట్రూనాట్ మెషీన్ బ్యాటరీ మీద కూడా నడుస్తుంది. అయితే దాని మొదటి హెచ్‌పీవీ చిప్ నాలుగు రకాలనే (16, 18, 31, 45) చూస్తుంది. కాబట్టి ఎన్ని రకాలను చూస్తున్నారో అడగడం అవసరం.

ఆప్టిమా: ఇది డీఎన్‌ఏను కాకుండా, వైరస్ చురుగ్గా పనిచేస్తున్నప్పుడు తయారయ్యే ఎంఆర్‌ఎన్‌ఏను వెతుకుతుంది. అనవసరంగా పాజిటివ్ రావడం కొంత తగ్గుతుంది.

ఎక్కువ పట్టేదే మంచి పరీక్షా?

కాదు. చాలామందికి జీవితంలో ఎప్పుడో ఒకసారి ఈ వైరస్ సోకుతుంది, ఎక్కువ మందిలో ఒకటి రెండేళ్లలో దానంతటదే పోతుంది. పోకుండా ఏళ్ల తరబడి ఉండిపోయినప్పుడే ప్రమాదం. అది క్యాన్సర్‌గా మారడానికి సాధారణంగా పది, ఇరవై ఏళ్లు పడుతుంది. పోయే వైరస్‌ను కూడా పట్టుకునే పరీక్ష ఇంట్లో భయం పెంచుతుందే తప్ప ప్రాణం కాపాడదు. 30 ఏళ్లు దాటాకే ఈ పరీక్ష మొదలుపెట్టమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పడానికి కారణం ఇదే.

2009లో అంతర్జాతీయ నిపుణులు ఒక గీటురాయి పెట్టారు. కొత్త పరీక్ష ఏది వచ్చినా, చికిత్స అవసరమయ్యే మార్పులను పట్టడంలో హైబ్రిడ్ క్యాప్చర్ 2తో పోలిస్తే కనీసం 90 శాతం, అనవసర పాజిటివ్‌లు ఇవ్వకపోవడంలో కనీసం 98 శాతం సాటి రావాలి.

మహారాష్ట్రలోని ఉస్మానాబాద్ జిల్లాలో లక్షా 31 వేల మందికి పైగా మహిళలతో జరిగిన అధ్యయనం దీని విలువ చూపించింది. ఒక్కసారి హెచ్‌పీవీ పరీక్ష చేసిన వర్గంలో ఎనిమిదేళ్లలో ఈ క్యాన్సర్‌తో 34 మంది చనిపోతే, ఇంచుమించు అంతే మంది ఉన్న, పరీక్ష చెయ్యని వర్గంలో 64 మంది చనిపోయారు. పరీక్ష చేసిన ప్రతి వంద మందిలో సుమారు పదిమందికి పాజిటివ్ వచ్చింది. కానీ చికిత్స కావలసిన తీవ్ర మార్పులు కనిపించింది వందకు ఒకరి కంటే తక్కువ మందిలోనే.

పరీక్షకు సిగ్గు అడ్డొస్తే

మగ డాక్టరు దగ్గరికి వెళ్లాల్సి వస్తుందని పరీక్షే మానుకునేవారు ఉన్నారు. లేడీ డాక్టరునో నర్సునో అడగొచ్చు. దానికి మించి, హెచ్‌పీవీ పరీక్షకు నమూనాను మహిళ తానే తీసుకోవచ్చు. చిన్న బ్రష్‌ను లోపల తిప్పి ట్యూబులో వేసి ఇస్తే చాలు. మేడ్చల్‌లో ఇలా తీసిన నమూనాలు కూడా పరీక్షకు పనికొచ్చాయి. అయితే సొంతంగా తీసిన నమూనాకు పీసీఆర్ పద్ధతే నమ్మకమైనది, హైబ్రిడ్ క్యాప్చర్ కొన్ని కేసులను వదిలేస్తుంది. వీఐఏ, పాప్ స్మియర్‌లకు ఈ వీలు లేదు.

పాజిటివ్ అంటే క్యాన్సర్ కాదు

పాజిటివ్ అంటే వైరస్ ఉందని మాత్రమే. అది లైంగికంగా సోకే వైరస్సే గానీ, ఎప్పుడు సోకిందో, ఎవరి నుంచి వచ్చిందో ఏ ల్యాబూ చెప్పలేదు. ఎన్నో ఏళ్ల కిందటిదై ఇప్పుడు బయటపడి ఉండొచ్చు. రిపోర్టు చూసి భార్యనో భర్తనో నిలదీయడానికి ఆ కాగితంలో ఆధారమేమీ లేదు.

పాజిటివ్ వచ్చిందని గర్భసంచి తీయించుకోవలసిన పని కూడా లేదు. గర్భసంచి ఆపరేషన్లు ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి కాబట్టి ఈ మాట గట్టిగా చెప్పుకోవాలి. 16 లేదా 18 రకం ఉంటే కాల్పోస్కోపీ చేస్తారు, అంటే ముఖద్వారాన్ని పెద్దదిగా చూపే పరికరంతో పరిశీలిస్తారు. ఇతర రకాలైతే ముందు వీఐఏతోనో పాప్‌తోనో చూసి, మార్పులు లేకపోతే ఒకటి రెండేళ్లకు మళ్లీ పరీక్షిస్తారు. మార్పులున్న చోటును వేడితో కాల్చడం, లేదా ఆ ముక్కను మాత్రం తీసెయ్యడం చాలామందికి సరిపోతుంది.

నెగెటివ్ వస్తే కనీసం ఐదేళ్ల దాకా మళ్లీ అక్కర్లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. హెచ్‌ఐవీ ఉన్నవారు 25 ఏళ్ల నుంచే, ఇంకా తరచుగా చేయించుకోవాలి.

ల్యాబ్‌లో అడగాల్సినవి

• ఈ పరీక్ష ఎన్ని రకాలను చూస్తుంది? 16, 18ను విడిగా చెబుతుందా?
• నమూనా సరిపడా ఉందో లేదో చూసుకుంటుందా?
• సొంతంగా తీసిన నమూనా తీసుకుంటారా?
• 6, 11 రకాలను కూడా చూస్తామంటున్నారా? అవి పులిపిర్లు తెస్తాయి, క్యాన్సర్ కాదు. వాటికి అదనంగా డబ్బు కట్టక్కర్లేదు.
• పాజిటివ్ వస్తే కాల్పోస్కోపీకి ఎక్కడికి వెళ్లాలి?

ముట్టు ఆగిపోయాక రక్తం కనిపించినా, భార్యాభర్తలు కలిసిన తర్వాత రక్తం వచ్చినా, వాసనతో తెల్లబట్ట ఎక్కువగా అవుతున్నా, ఏ రిపోర్టు కోసమూ ఆగకుండా డాక్టరును కలవాలి. అంతకుముందు హెచ్‌పీవీ నెగెటివ్ వచ్చి ఉన్నా సరే.