మేళం ఇంటి కుర్రవాడికి ఒక నవల

సంగీత విద్వాంసుడి బాల్యం మీద పిల్లలకు చారిత్రక నవల రాయాలనుకునేవారికి అచ్చు ముందే సిద్ధంగా ఉంటుంది: పేదింటి కుర్రవాడు, ఆకలి, గురువు కరుణ, చివర్లో శాలువా. దర్శి చుట్టుపక్కల పత్తి, మిరప నేలల చరిత్ర మాత్రం ఈ అచ్చులో ఇమడదు. ఇక్కడ సంగీతం కష్టాలు దాటించిన వరం కాదు, కష్టంతో కూడిన బతుకుతెరువు. ఒంగోలు పక్కనున్న కరవదిలో 1924లో పుట్టిన షేక్ చినమౌలానాకు నాదస్వరం ఎవరో పరిచయం చేయనక్కర్లేదు, అది ఇంట్లోనే ఉంది. మొదటి గురువు తండ్రి, ఆ తర్వాత చిలకలూరిపేట ఆదం సాహెబు. ముస్లిం కుటుంబాలు గుళ్లలో త్యాగరాజ కీర్తనలు వాయించడం మనకు మతసామరస్యపు పాఠంగా కనిపిస్తుంది. ఆ ఇంటి పిల్లవాడికి అది తెల్లవారుజామునే లేచి ఊపిరి బిగబట్టి చేయాల్సిన సాధన.

మిల్లులు వచ్చి దూదేకే విల్లు మూలపడింది, అందుకే దూదేకులవారు వాద్యాలు పట్టారు అని కథ అల్లుకోవడం తేలిక. పేదరికమే కళను పుట్టించిందని చెప్పుకోవడానికీ బాగుంటుంది. కానీ చినమౌలానా ఇంట నాదస్వరం తరతరాలుగా ఉన్నదే. మిల్లు వల్ల వాద్యం రాలేదు. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920లో పేద దూదేకుల కుటుంబంలో పుట్టిన నాజర్ దారి వేరు, ఆయన నాటకాల మీదుగా బుర్రకథకు వచ్చారు. ఆయన ఆత్మకథ 'పింజారి' చదివితే, బాల్యంలోని లేమి కళతో తీరిపోలేదని, కళతో పాటే నడిచిందని తెలుస్తుంది. ఇక నేల సంగతి. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదలక ముందు దర్శి వానను నమ్ముకున్న మెట్ట. అప్పుడది నెల్లూరు జిల్లాలో ఉండేది. 1930ల నాటి కథలో కాలువ కింద పచ్చని చేలు పెడితే తప్పు. వాన మొహం చాటేసిన ఏడు పెళ్లి ఖర్చు తగ్గుతుంది, మేళానికి పిలుపులు తగ్గుతాయి. నవలలో కష్టం అంటే ఇదే, దుర్మార్గురాలైన సవతి తల్లి కాదు.

పిల్లలకు ఇంత బరువు పనికిరాదంటారు. నాజర్ బెంగాల్ కరువునే బుర్రకథగా చెప్పారు. ముందు వరసలో పిల్లలు కూర్చోని బుర్రకథ ఎక్కడైనా ఉంటుందా? ఒక వంత హాస్యమాడుతుంటే, మరొక వంత లోకం పోకడ చెబుతుంటే, కథకుడు చావుల దగ్గరికి వెళ్లి రాగలడు. దుఃఖాన్ని పిల్లలకు ఎలా చెప్పాలో ఈ ప్రక్రియకు బాగా తెలుసు. మన పిల్లల రచయితలే మరిచిపోయారు.

మరి సన్మానాలు నిజం కాదా? నిజమే. చినమౌలానాకు 1977లో, నాజర్‌కు 1986లో పద్మశ్రీలు వచ్చాయి. ఒకరికి యాభై దాటాక, మరొకరికి అరవై దాటాక. పదేళ్ల కుర్రవాడి కథకు వాటిని ముగింపుగా అతికిస్తే, అదే సాధన చేసి డోలు పక్కన శ్రుతి పడుతూనే జీవితం గడిపినవాళ్లంతా ఓడిపోయినవాళ్లవుతారు. ఆ కుర్రవాళ్లలో ఒకణ్ణే కథానాయకుణ్ణి చేయాలి. ఆడపిల్లను నాయికను చేయాలనే కోరికా న్యాయమైనదే. చినమౌలానా శిష్యురాలు కాలీషాబీ మహబూబ్ భర్తతో కలిసి నాదస్వరం వాయించి, 2020లో పద్మశ్రీ పొందారు. అయితే ఆమెను తెచ్చి 1930లలో కూర్చోబెట్టడం కాలాన్ని కప్పిపుచ్చడమే. ఆనాటి ఆడపిల్లకు అన్న సాధనంతా నోటికి వచ్చేసినా వాద్యం చేతికిచ్చేవాళ్లు ఎవరు? నవల ఆ ప్రశ్నతోనే మొదలుకావచ్చు.