శ్రీవిల్లిపుత్తూరు పడమటి కనుమలు: మూడు దారుల తారతమ్యము

శ్రీవిల్లిపుత్తూరు పేరు వినినంతనే తెలుగువారికి విష్ణుచిత్తుడును, గోదాదేవియు, శ్రీకృష్ణదేవరాయల ఆముక్తమాల్యదయు స్మరణకు వచ్చుట సహజము. ఆ పురమునకు పడమట గోడవలె నిలిచిన కొండలను గూర్చి విచారించుట మాత్రము అరుదు. రెండుదినముల సెలవులో మలయాళసీమ చూడగోరువారికి, కొండ కన్నులయెదుటనే యుండగా చుట్టు తిరిగి పోవనేల యను సందేహము కలుగును. దానికి సమాధానము భూమి యమరికయందును, చరిత్రయందును గలదు.

ఊరికి సూటిగా కొండదాటు బండిదారి లేదు. సతురగిరి సుందరమహాలింగస్వామి దర్శనమునకు సైతము తాణిప్పారైనుండి కాలినడకనే ఎక్కవలెను. తిరుమలనాయకుడు (1623-1659) మధుర నేలిన కాలపు మహలు ఈ యూర నేటికిని గలదు. మధురనుండి తెన్‌కాశికి బోవు బాట కొండ నానుకొని ఉత్తరదక్షిణములుగా సాగునదే. కావున పడమటికి బోవువారు దక్షిణమున నొక కనుమనో, ఉత్తరమున తేనిమీదుగా రెంటిలో నొకదానినో యెన్నుకొనవలెను.

మొదటిది సెంగోట్టై చెంతనున్న ఆర్యంకావు కనుమ. మూడింటిలో నిదియే పల్లము. అందుచేతనే 1904లో కొల్లము రైలు దీనిగుండ నడచెను. 1927లో విరుదునగరము-తెన్‌కాశి మార్గ మేర్పడగా శ్రీవిల్లిపుత్తూరునకు దానితో సంబంధము కుదిరినది. కనుమలోని మీటరుగేజి 2010లో నిలిచి, 2018లో బ్రాడ్‌గేజిగా మరల తెరువబడెను. పదుమూడు కమానుల వంతెన నేటికిని చూడదగినది. నైరృతి గాలియు ఈ సందుననే తూర్పునకు జొచ్చుటచేత, జూను మొదలు సెప్టెంబరువరకు కుర్తాళము చల్లగా నుండును.

రెండవది కంబము పైనున్న కుమిళి కనుమ. దీని ఘనత నీటివలన గలిగినది. పెన్నిక్విక్ దొర కట్టించిన ఆనకట్ట 1895లో ముగియగా, పడమటికి బారు పెరియారు నీరు సొరంగముగుండ తూర్పునకు మరలి వైగై నదిని జేరెను.

మూడవది బోడినాయకనూరు పైనున్న బోడిమెట్టు. ఊరిపేరే నాయక పాళెగాండ్రను దలపించును. ఇది ఏలకులకును తేయాకునకును ద్వారము. సమీపమున మున్నారు తేయాకును తీగమార్గమున క్రిందికి దింపెడివారు. అందులకు తోడుగా 1908లో వెలసిన చిన్నరైలు 1924 వరదలో నశించెను.

కనుమ నెన్నవలసినది ఎత్తునుబట్టి గాదు, దానిగుండ నేది నడచెనో దానినిబట్టి. ఒకదానిలో రైలు, ఒకదానిలో నీరు, ఒకదానిలో సరకు నడచినవి. మన యెదుటి కొండ దేనికిని దారి యీయలేదు. అందుచేత నైరృతివాన మనకు స్వల్పమే. అయినను ఆ యడవినుండి దిగు వాగులే మన చెరువులకు ఆధారము. ఆ యడవి 2021లో శ్రీవిల్లిపుత్తూరు-మేగమలై పులుల అభయారణ్యముగా ప్రకటింపబడినది. వైగై జన్మస్థానమును అందే కలదు. దారి లేమి ఈ సీమకు లోపము గాదు, రక్షణయే.

కావున రెండుదినములే గలవారికి రైలుగల ఆర్యంకావు అనుకూలము. మరికొంత వ్యవధి గలవారు కుమిళి, బోడిమెట్టుల నెన్నుకొనవచ్చును. ఎదుటి కొండను మాత్రము దాటగోరక, మన నీటికి మూలమని యెరిగి కాపాడుకొనుట మన విధి.