నలుగురి మధ్య ఒక తెర: సహకార అభ్యసనంలో సాంకేతికత – నర్సీపట్నం తరగతుల నేపథ్యంలో పరిశీలన

సారాంశం

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలలకు ట్యాబ్‌లు, డిజిటల్ తెరలు చేరాయి. అవి పిల్లల మధ్య సహకారాన్ని ఏ పరిస్థితుల్లో పెంచుతాయన్నదే ఈ వ్యాసం ఎత్తుకున్న ప్రశ్న. అచ్చయిన అధ్యయనాల ఆధారంగా రిషివ్యాలీ, హైదరాబాద్, ఢిల్లీ అనుభవాలను పోల్చి, నర్సీపట్నం ప్రాంత తరగతులకు తగిన ఒక బోధనా నమూనాను ప్రతిపాదిస్తున్నాను. పరికరాలు ఎన్ని ఉన్నాయన్న దానికన్నా, వాటి చుట్టూ పనిని ఎలా పంచామన్నదే ముఖ్యమని నా వాదన.

కీలక పదాలు: సహకార అభ్యసనం, సామాజిక అభ్యసనం, ట్యాబ్, బహుభాషా తరగతి, నర్సీపట్నం

1. ప్రవేశిక

2022 ఏప్రిల్‌లో ఏర్పడిన అనకాపల్లి జిల్లాలో నర్సీపట్నం ఉంది. చింతపల్లి, లంబసింగి వైపు ఘాట్ ఎక్కేవారికి ఇది మన్యం ముఖద్వారం. ఇలాంటి ఊళ్లలో తెలుగే ఇంటిభాషగా పెరిగిన పిల్లలూ, ఇంట్లో కువి గానీ ఆదివాసీ ఒడియా గానీ మాట్లాడే పిల్లలూ ఒకే బల్ల మీద కూర్చునే అవకాశం ఉంది. ఈ వైవిధ్యాన్ని తరగతికి బలంగా మార్చడానికి సాంకేతికత తోడ్పడాలి.

2022 డిసెంబర్ 21న రాష్ట్ర ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకూ, ఉపాధ్యాయులకూ కలిపి 5 లక్షలకు పైగా ట్యాబ్‌ల పంపిణీ మొదలుపెట్టింది. పాఠాలను ముందే ఎక్కించి ఇచ్చినందువల్ల ఇంటర్నెట్ అందని ఊళ్లోనూ అవి పనిచేస్తాయి. బడుల ఆధునికీకరణ పథకం నాడు–నేడు కింద తరగతి గదులకు పెద్ద డిజిటల్ తెరలూ వచ్చాయి. అయితే ట్యాబ్ ఒక్కో బిడ్డకు ఒక్కొక్కటిగా అందింది. ఎవరి తెర వారు చూసుకునే తరగతిలో పక్కవాడితో మాట్లాడాల్సిన అవసరం తగ్గిపోతుంది. ఇక్కడే బోధనాపరమైన ఆలోచన కావాలి.

2. సిద్ధాంత భూమిక

తనంతట తాను చేయలేని పనిని తనకన్నా తెలిసినవారి సాయంతో బిడ్డ చేయగలిగే పరిధిని మనస్తత్వవేత్త వైగోట్‌స్కీ సామీప్య వికాస మండలం అన్నాడు. ఆ తెలిసినవారు ఉపాధ్యాయులే కానక్కరలేదు, తోటి విద్యార్థి కావచ్చు. అమెరికా పరిశోధకులు డేవిడ్ జాన్సన్, రోజర్ జాన్సన్ సహకార అభ్యసనానికి చెప్పిన షరతుల్లో రెండు ఇక్కడ కీలకం. ఒకటి పరస్పరాధారం: జట్టులో ఒకరి పని ఆగితే అందరి పనీ ఆగాలి. రెండోది వ్యక్తిగత బాధ్యత: జట్టు చాటున ఎవరూ తప్పించుకోకూడదు. పిల్లల్ని గుంపుగా కూర్చోబెట్టినంత మాత్రాన ఈ రెండూ సమకూరవు.

3. మూడు అనుభవాలు

మొదటిది మన నేల మీదిదే. మదనపల్లె దగ్గరి రిషివ్యాలీలో 1980ల చివరి నుంచి వై.ఎ. పద్మనాభరావు, రమ చిన్న పల్లెబడుల కోసం ఒక పద్ధతిని రూపొందించారు. పాఠాలను చిన్న చిన్న కార్డులుగా విడగొట్టి, బొమ్మల గుర్తులతో ఒక నిచ్చెనగా అమర్చారు. తన మెట్టు ఏదో బిడ్డే చూసుకుని కార్డు తెచ్చుకుంటాడు. కొన్ని కార్డులకు టీచర్ పూర్తి సాయం, కొన్నింటికి కొంత సాయం, కొన్నింటికి తోటి పిల్లల సాయం, మిగిలినవి సొంతంగా. ఎవరు ఎక్కడ కూర్చోవాలో కార్డే చెబుతుంది. ఏకోపాధ్యాయ బడిలో సహకారాన్ని సామగ్రిలోనే ఇమిడ్చిన ఈ పద్ధతికి కరెంటు కూడా అక్కరలేదు.

రెండోది హైదరాబాద్‌ది. సుగతా మిత్రా, జేమ్స్ టూలీ బృందం 2003లో ప్రచురించిన అధ్యయనంలో 16 మంది పేద పిల్లలు నలుగురేసి జట్లుగా కంప్యూటర్ ముందు కూర్చుని ఇంగ్లీషు ఉచ్చారణ నేర్చుకున్నారు. మాటను అక్షరాలుగా మార్చే సాఫ్ట్‌వేర్‌కు తమ మాట అర్థమయ్యేలా చేయడమే వారి పని. పలికినది తెరమీద తప్పుగా వస్తే జట్టంతా చూస్తుంది, మళ్లీ పలుకుతుంది. 5 నెలల్లో ఉచ్చారణ మెరుగుపడింది. ప్రయోగం చిన్నది, దాని నుంచి సార్వత్రిక నిర్ణయం చేయలేం. అయినా ఒకే తెరను నలుగురు పంచుకోవడం కొరతగా కాక అభ్యసన సాధనంగా పనిచేయగలదని అది చూపింది.

మూడోది ఢిల్లీది. కార్తీక్ మురళీధరన్, అభిజీత్ సింగ్, అలెహాంద్రో గనిమియన్ 2019లో ప్రచురించిన అధ్యయనంలో 619 మంది పిల్లలు పాల్గొన్నారు. ఎవరి స్థాయికి తగిన పాఠం వారికిచ్చే సాఫ్ట్‌వేర్ ఉన్న కేంద్రాలకు వెళ్లే అవకాశం దక్కిన పిల్లలు నాలుగున్నర నెలల్లో గణితంలోనూ హిందీలోనూ గణనీయంగా ముందుకెళ్లారు. వ్యక్తిగత సాధనకు ఇది బలమైన సాక్ష్యం. కానీ అక్కడ 90 నిమిషాల్లో సగమే సాఫ్ట్‌వేర్‌ది. మిగతా సగం చిన్న జట్టుకు సహాయకుడి బోధన. దక్కిన ఫలితం ఆ రెండింటి కలయికది.

4. నర్సీపట్నానికి ఒక నమూనా

నాతవరం మండలంలోని తాండవ జలాశయాన్ని పాఠాంశంగా తీసుకుందాం. జట్టుకు నలుగురు, నలుగురికీ ఒకే ట్యాబ్. మిగతావి సంచుల్లోనే ఉంటాయి. ఒకరు పటంలో నది దారిని గుర్తిస్తారు. ఒకరు ఆయకట్టు రైతు మాటలు రికార్డు చేసి తెస్తారు. ఒకరు నీటి లెక్కలు కడతారు. ఒకరు అందరి సమాచారాన్నీ కలిపి రాస్తారు. వచ్చే పాఠానికి పాత్రలు మారతాయి. చివర్లో టీచర్ ఎవరిని పిలిస్తే వారు జట్టు మొత్తం పనినీ పెద్ద తెర ముందు వివరించాలి. దాంతో పరస్పరాధారమూ, వ్యక్తిగత బాధ్యతా రెండూ నెరవేరతాయి.

భాష విషయంలో ఈ నమూనాకు మరింత విలువ ఉంది. 2004లో ఉమ్మడి రాష్ట్రం ఎనిమిది గిరిజన భాషల్లో ప్రాథమిక విద్యను ప్రయోగాత్మకంగా ప్రారంభించింది; వాటిలో కువి, కొండ, ఆదివాసీ ఒడియా ఉన్నాయి. హైస్కూలుకు వచ్చేసరికి ఆ భాషలు తరగతిలో వినిపించవు. వాగుకూ చేపకూ వలకూ తన ఇంటిభాషలో ఏమంటారో కువి పిల్ల ట్యాబ్‌లో పలికి రికార్డు చేస్తే, మిగతా ముగ్గురూ ఆమె దగ్గర నేర్చుకుంటారు. అప్పటిదాకా సాయం అందుకునే స్థానంలోనే ఉన్న అమ్మాయి ఆ పూటకు జట్టులో ఎక్కువ తెలిసిన మనిషి అవుతుంది. వైగోట్‌స్కీ చెప్పిన తోటి గురువు స్థానం ఏ ఒక్కరి సొత్తూ కాకుండా చేతులు మారుతుంది.

5. ముగింపు

వ్యక్తిగత సాధనకు ట్యాబ్ ఇంట్లో ఉపయోగపడుతుంది. బడిలో దొరికే అరుదైన వనరు తోటి పిల్లలు. బడి సమయాన్ని ఆ వనరుకే కేటాయించాలి. ఇందుకు కొత్త పరికరాలు కొననక్కరలేదు. పాత్రలు రాసిన నాలుగు కార్డులు, వారానికి రెండు పీరియడ్లు, జట్టు పనిని నడపడంలో ఉపాధ్యాయులకు శిక్షణ చాలు. ఫలితాన్ని మార్కులతో పాటు మరో కొలమానంతోనూ చూడాలి: సంవత్సరారంభంలో నోరు విప్పని పిల్లలు సంవత్సరాంతానికి ఎంతమందికి ఏదైనా నేర్పగలిగారు? తరగతి తర్వాత తరగతిగా ఈ లెక్కను నమోదు చేయడమే ఇక్కడి పరిశోధకుల ముందున్న తదుపరి పని.