అందరి యెదుట చేసిన తాళము

రేడియో గల ఇంటివారికి ఒక సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. గాలిలో ప్రయాణము చేయు మాటకు గోడలు లేవు. కేంద్రము నుండి బయలుదేరిన పాట, పెట్టె ఉన్న ప్రతి యింటను వినబడును. పాటకు అది గుణమే. కాని దూరదేశమున నున్న కుమారునకు తల్లి వ్రాయు జాబునకు, వర్తకుడు బ్యాంకునకు పంపు కబురునకు, రోగి వైద్యునితో చెప్పుకొను మాటకు అది గుణము కాదు.

నేడు మన జాబులు ఇంటర్నెట్టు అను మహాజాలములో ఒక యంత్రము చేతినుండి మరియొక యంత్రము చేతికి మారుచు పోవుచున్నవి. జాబునకు ఏ రక్షణయు లేనిచో త్రోవలోని ఏ యంత్రమైనను దానిని చదువవచ్చును. అది పోస్టుకార్డు వంటిది. ఆ కార్డును దళసరి కవరులో పెట్టి, ముద్ర వేసి, ఒక చివర నుండి రెండవ చివరకు ఎవరి కంటను పడకుండ చేర్చు ఉపాయమునకు ‘సొరంగము’ అని పేరు పెట్టినారు. వి.పి.ఎన్. అను మూడక్షరములు పాఠకులు వినియే యుందురు. లినక్స్ అను ఆపరేటింగ్ సిస్టముపై అట్టి సొరంగమును నిలుపుట నేడు అరగంట పని. ఆ అరగంట వెనుక ఎంత కాలము, ఎందరి తగవు ఇమిడియున్నదో చెప్పుటయే ఇచట మా ఉద్దేశము.

రహస్యలేఖనము క్రొత్త విద్య కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రము గూఢచారులు గూఢలేఖ్యముతో వార్తలు పంపవలెనని విధించినది. వాత్స్యాయనుని కామసూత్రములు 64 కళలలో మ్లేచ్ఛితవికల్పమును, అనగా ఇతరులకు తెలియకుండ మాటను మార్చి వ్రాయు నేర్పును, ఒకటిగా లెక్కించినవి. రోమునందు జూలియస్ సీజరు ప్రతి అక్షరమునకు బదులు మూడు స్థానముల అవతలి అక్షరమును వ్రాయించెను. ఇట్టి ఉపాయములకు తొమ్మిదవ శతాబ్దమున బాగ్దాదు పండితుడు అల్‌కిందీ విరుగుడు కనిపెట్టెను. ప్రతి భాషలోను కొన్ని అక్షరములు తరచుగాను, కొన్ని అరుదుగాను వచ్చును. వేషము మార్చినను అక్షరము తన అలవాటు మానుకొనదు. ఎన్నిసార్లు వచ్చినదో లెక్కించినచో ఆ వేషము తొలగిపోవును.

ఈ పోరాటమునుండి ఒక గొప్ప సూత్రము పుట్టినది. హాలెండులో జన్మించి ప్యారిసులో భాషాబోధన చేసిన ఆగుస్త్ కెర్కాఫ్స్ 1883లో ఒక సైనిక పత్రికయందు దానిని ప్రకటించెను. తాళము ఎట్లు పనిచేయునో శత్రువునకు తెలిసినను భయముండరాదు. తాళపుచెవి ఒక్కటి మన దగ్గర పదిలముగా నున్న చాలును. పనితనమును దాచి రక్షణ పొందగోరు తాళము, పనివాడు శత్రువుతో చేరిననాడే తెరచుకొనును. ఇది మనకు విపరీతముగ తోచవచ్చును. కాని ముందు చెప్పబోవు కథ అంతయు ఈ సూత్రముపైననే నిలిచియున్నది.

రెండవ ప్రపంచయుద్ధమున జర్మనులు ఎనిగ్మా యంత్రమును నమ్ముకొనిరి. దాని చక్రముల అమరిక ప్రతిదినము మారుచుండెను. అయినను పోలండు గణితవేత్త మరియన్ రెయెవ్‌స్కీ 1932లోనే దాని లోపలి కూర్పును లెక్కలతో ఊహించి పట్టుకొనెను. 1939 జూలైలో పోలండువారు తమ విజ్ఞానమును బ్రిటిషువారికిని ఫ్రెంచివారికిని అందించిరి. అటుపిమ్మట బ్లెచ్లీ పార్కులో ఆలన్ ట్యూరింగు మొదలగువారు చేసిన కృషి లోకవిదితము.

యుద్ధము ముగిసినను ఒక చిక్కు మిగిలెను. తాళము వేసిన పెట్టెను పంపుట సరే. దాని చెవిని అవతలివానికి చేర్చుట ఎట్లు? చెవిని టపాలో పంపినచో అదియు దొంగ చేతపడును. ప్రభుత్వములకు చెవులు మోయు దూతలు ఉందురు. సామాన్య గృహస్థునకు ఎవరున్నారు? 1976లో అమెరికాలో విట్‌ఫీల్డ్ డిఫీ, మార్టిన్ హెల్‌మన్ అను ఇద్దరు ఈ చిక్కు విప్పిరి. ఎన్నడును కలిసికొనని ఇద్దరు మనుష్యులు, అందరు వినుచుండగా మాటలాడుకొనుచునే, తమ ఇద్దరికి మాత్రమే తెలిసిన ఒక చెవిని తయారు చేసికొనవచ్చునని వారు గణితముచే చూపిరి. ఇందు ప్రతివానికి రెండు చెవులుండును. ఒకటి బహిరంగము, వీధి గుమ్మమున వ్రేలాడదీసినను హాని లేదు. రెండవది రహస్యము. మొదటిదానినుండి రెండవదానిని లెక్కించుట ఆచరణలో అసాధ్యము. మరుసటి యేడు రివెస్టు, షమీర్, ఏడ్ల్‌మన్ అను మువ్వురు ఈ దారిలో మరియొక పద్ధతిని నిర్మించిరి. బ్రిటిషు ప్రభుత్వశాఖలో పనిచేసిన ఎల్లిస్, కాక్స్, విలియమ్‌సన్ అనువారు ఇట్టి సంగతులనే అంతకు ముందే కనుగొనిరని 1997లో గాని లోకమునకు తెలియలేదు. దాచబడిన విద్య పావు శతాబ్దము ఎవరికిని ఉపయోగపడలేదు.

ఇక తగవు మొదలైనది. ఒకప్పుడు మన ఇండ్లలోని రేడియో పెట్టెకు ఏటేటా లైసెన్సు రుసుము చెల్లించెడివారము. వినుటకే అనుమతి కావలసిన రోజులవి. అమెరికాలో అంతకన్న విచిత్రమైన పరిస్థితి ఏర్పడెను. ఆ దేశమున రహస్యలిపి సాధనములు ఫిరంగులతోపాటు ఆయుధముల పట్టికలో చేరియుండెను. లైసెన్సు లేక విదేశములకు పంపుట నేరము. 1991లో ఫిలిప్ జిమ్మర్‌మన్ సామాన్యుల జాబులకు తాళము వేయు పి.జి.పి. అను ప్రోగ్రామును ఉచితముగా పంచిపెట్టెను. అది దేశము దాటినది. ప్రభుత్వము ఆయనపై మూడేండ్లపాటు నేరవిచారణ జరిపి, 1996 మొదట విరమించెను. 1995లో డేనియల్ బెర్న్‌స్టీన్ అను యువ గణితవేత్త, తాను వ్రాసిన రహస్యలిపి ప్రోగ్రామును ప్రకటించుకొను హక్కు తనకున్నదని న్యాయస్థానమున దావా వేసెను. ప్రోగ్రాము కూడ ఒక విధమైన వాక్కేయని ఆయన వాదము. 1999లో అప్పీలు న్యాయస్థానపు ధర్మాసనము ఆయన పక్షమున తీర్పు చెప్పెను. ఆ తీర్పు పునర్విచారణకు పోయినను, 2000లో ప్రభుత్వమే నిబంధనలను చాలవరకు సడలించెను. ఈ బెర్న్‌స్టీన్ పేరును పాఠకులు గుర్తుంచుకొందురు గాక, మరల వచ్చును.

ఇదే కాలమున మరియొక ప్రవాహము బయలుదేరినది. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ అందరు చదువుటకు, మార్చుటకు, పంచుటకు వీలైన ఆపరేటింగ్ సిస్టమును నిర్మింతునని ప్రకటించెను. 1991లో హెల్సింకి విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ తన లినక్స్ కెర్నెల్‌ను లోకముతో పంచుకొనెను. దీని మూలపాఠము ఎవరైనను తెరచి చూడవచ్చును. కెర్కాఫ్స్ సూత్రమునకు ఇంతకన్న తగిన ఇల్లు దొరకదు. 1995లో ఫిన్లండులోనే, విశ్వవిద్యాలయపు జాలములో ఎవరో పాస్‌వర్డులను దొంగిలింపగా, తాతు యులోనెన్ దూరపు యంత్రముతో భద్రముగా మాటలాడు ఎస్.ఎస్.హెచ్. అను సాధనమును వ్రాసెను.

1996లో జాన్ గిల్‌మోర్ అను అమెరికన్ ఇంకను పెద్ద సంకల్పము చేసెను. ఇంటర్నెట్టులో పోవు జాబులలో అధికభాగమునకు లినక్స్ యంత్రములే కవరు తొడుగవలెనని ఆయన కోరిక. ఆ ప్రయత్నమునకు ఫ్రీస్వాన్ అని పేరు. ఎగుమతి నిబంధనల కారణముగ దాని మూలపాఠమును అమెరికా వెలుపలివారే వ్రాయవలసివచ్చెను. 2004లో ఆ పని ఆగిపోయినది. దాని శాఖలు మిగిలినవి గాని, ఆశించినంతగా జనము అందుకొనలేదు. అమర్చుట కష్టమగుటయే అందులకు ఒక కారణము. 2001లో మధ్య ఆసియాలో తిరుగుచు, నమ్మరాని తంత్రులమీదుగా తన కార్యాలయముతో సంబంధము పెట్టుకొనవలసిన జేమ్స్ యోనన్ తన అవసరమునకై ఓపెన్‌వి.పి.ఎన్. రచించెను. అది బహుకాలము లోకమునకు ఉపకరించినది.

అయితే తెరచియుండుట వేరు, చదువుట వేరు. 2014 ఏప్రిలులో ఓపెన్ ఎస్.ఎస్.ఎల్. అను బహిరంగ గ్రంథాలయములో ‘హార్ట్‌బ్లీడ్’ అను లోపము బయటపడెను. అది రెండేండ్లుగా అందరి కన్నులయెదుట నున్నది, ఎవరును చూడలేదు. వీధిలో పెట్టిన పుస్తకము ఎంత బహిరంగమైనను, వేలకొలది పుటలున్నచో ఎవరు చదువుదురు?

ఈ ప్రశ్నకు జేసన్ డోనెన్‌ఫెల్డ్ చెప్పిన సమాధానము వైర్‌గార్డ్. 2017లో ఆయన దీనిని గూర్చి విద్వత్సభలో పత్రము సమర్పించెను. మూలపాఠము సుమారు 4,000 పంక్తులు మాత్రమే. నేర్పుగల ఒకడు ఓపికతో మొత్తము చదువగలడు. పాత సొరంగములలో పలురకముల తాళములుండి, రెండు చివరలవారు ఏది వాడవలెనో బేరమాడుకొనెడివారు; ఆ బేరములోనే మోసమునకు చోటు దొరకెడిది. వైర్‌గార్డునందు బేరము లేదు. తాళములు ముందుగనే నిర్ణయమైనవి. వానిలో చెవులు మార్చుకొనుటకు కర్వ్25519, జాబును మూయుటకు ఛాఛా20 ప్రధానములు. ఈ రెండింటి కర్త ఒకప్పుడు న్యాయస్థానము మెట్లెక్కిన ఆ బెర్న్‌స్టీనే. 2018లో టోర్వాల్డ్స్ పాత సాధనములతో పోల్చి దీనిని కళాఖండముగ మెచ్చుకొనెను. 2020 మార్చి 29న వెలువడిన లినక్స్ 5.6లో ఇది కెర్నెల్‌లోనే భాగమైనది. మన దేశమున మహమ్మారి కారణముగ అందరు ఇండ్లకు పరిమితమై అప్పటికి నాలుగు రోజులే. హైదరాబాదు ఉద్యోగులెందరో తమ కార్యాలయమును ఇంటి బల్లమీదికి తెచ్చుకొని, ఏదో యొక సొరంగముగుండ పనిచేయ నారంభించిన దినములవి.

ఇక అమర్చు పద్ధతి. డెబియన్, ఉబుంటు వంటి లినక్స్‌లలో ఆప్ట్ అను ఆజ్ఞతో వైర్‌గార్డ్ సరంజామాను తెచ్చుకొనవలెను. పిమ్మట రెండు చివరలందును చెవుల జంటలు చేయవలెను. ఒక్కొక్క చెవి 256 బిట్లు. కాగితముపై 44 అక్షరములు. రహస్యపు చెవిగల దస్త్రమును యంత్రాధికారి తప్ప మరెవరును చదువకుండ కట్టడి చేయవలెను. తరువాత చిన్న అమరిక దస్త్రము వ్రాయవలెను. అందులో మన రహస్యపు చెవి, సొరంగములో మన చిరునామా, వాడుకగా 51820 అను ద్వారసంఖ్య. అవతలివాని బహిరంగపు చెవి, అతనికి అనుమతించు చిరునామాలు. ఇంతే. ఒక ఆజ్ఞతో సొరంగము లేచును. చివరిసారి కరచాలనము ఎప్పుడు జరిగినదో మరియొక ఆజ్ఞ చెప్పును.

మేమును మా పాత యంత్రముపై దీనిని నిలిపితిమి. దూరపు ఊరిలోనున్న మా మేనల్లునకు బహిరంగపు చెవిని పంపబోయి, తొందరలో రహస్యపు చెవినే మామూలు ఈమెయిలులో పంపితిమి. సాయంకాలమంతయు సొరంగము పలుకలేదు. వైర్‌గార్డ్ తాను గుర్తింపని చెవితో వచ్చినవానికి మారుపలుకదు. తప్పు ఇదియని కూడ చెప్పదు. కారణము వెదకివెదకి, రాత్రికి మా పొరపాటు తెలిసికొని సిగ్గుపడి, ఆ చెవులను చెరిపివేసి క్రొత్తవి చేసికొంటిమి. నూరేండ్లకు పైబడిన కెర్కాఫ్స్ సూత్రము ఆ రాత్రి గాని మాకు ఒంటబట్టలేదు. తాళమును లోకమంతయు పరీక్షించినది. చెవిని పారవేసికొన్నది మేము.

ఒక హెచ్చరిక కూడ చెప్పవలసియున్నది. సొరంగము త్రోవలోని దొంగనుండి కాపాడును గాని, సొరంగము అవతలి చివర కూర్చున్నవానినుండి కాపాడదు. రుసుము తీసికొని సొరంగము నడుపు వ్యాపారి మన రాకపోకలను చూడగలడు. 2022లో మన దేశపు సైబరు భద్రతా సంస్థ అట్టి వ్యాపారులు ఖాతాదారుల వివరములను ఐదేండ్లు భద్రపరుపవలెనని ఉత్తరువు చేయగా, కొందరు విదేశీ వ్యాపారులు తమ సర్వర్లను ఇచటనుండి తొలగించుకొనిరి. నేరస్థులను పట్టుకొనుటకు వివరములు కావలెనని ప్రభుత్వపు మాట. నిరపరాధుల గుట్టు ఒకచోట ప్రోగుపడుట క్షేమము కాదని వ్యాపారుల మాట. ఈ రెండును త్రోసివేయదగినవి కావు. గుట్టునకును భద్రతకును నడుమ గీత ఎచట గీయవలెనో పౌరులే ఆలోచింపవలెను. ఆలోచించుటకు ముందు విషయము తెలియవలెను.

మన ఇండ్లలో పెద్దలు ధాన్యపుగది తాళపుచెవిని కొంగున ముడివేసికొనెడివారు. తాళము సంతలో కొన్నదే. అట్టివి ఊరంతట నుండును. దానివలన ఎవరికిని బెంగ లేదు. రాత్రి పడుకొనబోవునప్పుడు మాత్రము చేయి ఒకసారి కొంగు ముడిని తడిమి చూచుకొనెడిది. యంత్రయుగమున కూడ ఆ అలవాటు విడువరాదు.