ఏం పని చేస్తరు పెద్దయ్యా?

మే నెల. ఉదయం తొమ్మిది దాటిందో లేదో గోదావరిఖనిలో ఎండ కళ్లలో పొడుస్తోంది. నైట్ షిఫ్ట్ వాళ్లు ఏడింటికే డ్యూటీ దిగి ఇళ్లకు వెళ్లి పడుకున్నారు. ఫస్ట్ షిఫ్ట్ వాళ్లు లోపల ఉన్నారు. సర్కారు దవాఖానలో ఓపీ చీటీల వరుస మాత్రం మెల్లగా కదులుతోంది. మీ చేతికీ ఒక చీటీ వచ్చింది. పేరు, వయసు, ఊరు, ఆ పక్కన ‘కండ్లు’ అని ఒక ముక్క. అది పట్టుకుని జనంతో పాటు కంటి విభాగం వైపు నడవండి.

గది బయటి బెంచీ మీద ఈ ఊరి పనులన్నీ పక్కపక్కనే కూర్చున్నాయి. తువ్వాలతో ఒక కన్ను మూసుకున్న యువకుడు సీహెచ్‌పీలో, అంటే కోల్ హ్యాండ్లింగ్ ప్లాంటులో, కాంట్రాక్టు మీద బొగ్గు ఊడుస్తాడు. అతని పక్కన ఓ వెల్డర్, రెండు కళ్లూ ఎర్రగా ఉబ్బి నీళ్లు కారుతున్నాయి. రాత్రంతా నిద్ర లేదట. పొలం నుంచి వచ్చిన ఒకామె కొంగుతో ముఖం కప్పుకుంది. చివరన కోడలి చెయ్యి పట్టుకుని వచ్చిన పెద్దాయన. భూగర్భ గనిలో చేసి రిటైరయ్యాడు.

తలుపు తోసి లోపలికి వెళ్తే ఒక్కసారిగా చీకటి. కంటి పరీక్ష గది అంతే, కిటికీలకు నల్ల తెరలు. కాసేపు నిలబడితే తెల్లకోట్లు కనిపిస్తాయి. నలుగురైదుగురు విద్యార్థులు, మధ్యలో పాఠం చెప్పే డాక్టరు, ఎదురుగా బల్ల మీద కంటిని పెద్దగా చూపే స్లిట్ ల్యాంప్. ఈ పిల్లలు సింగరేణి ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడికల్ సైన్సెస్ వాళ్లు. 2022 నవంబరు 15న రాష్ట్రంలో ఒకేసారి మొదలైన ఎనిమిది ప్రభుత్వ వైద్య కళాశాలల్లో ఈ రామగుండం కాలేజీ ఒకటి. ఏటా 150 ఎంబీబీఎస్ సీట్లు, అనుబంధం వరంగల్‌లోని కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయానికి. దీని కోసం సింగరేణి బొగ్గు సంస్థ రూ.500 కోట్లు ఇవ్వడానికి ముందుకొచ్చింది. బొగ్గు సొమ్ముతో కట్టిన చదువు ఇది, అందుకే బొగ్గు పని చేసే కన్ను ఇక్కడ మొదటి పాఠం కావాలని నా కోరిక.

తువ్వాల యువకుణ్ని స్టూలు మీద కూర్చోబెట్టారు.

“ఏమైందన్నా?”

“నిన్న పొద్దుగూకంగ కంట్ల నలుసు పడ్డది సార్. నలిచిన. నీళ్లు కొట్టిన. పోతలేదు.”

డాక్టరు ఒక విద్యార్థిని వైపు తిరిగారు. “ముందేం చేస్తావమ్మా?”

“నలుసు తీస్తాను సార్.”

“కాదు. ముందు చూపు రాసుకో. రెండు కళ్లదీ, విడివిడిగా. మనం చెయ్యి పెట్టక ముందు ఎంత చూపు ఉందో కాగితం మీద ఉండాలి.”

ఆరు మీటర్ల అవతల తెలుగు అక్షరాల పట్టిక. అతను నీళ్లు కారుతున్న కన్నుతో కింది వరుసల దాకా తడబడుతూ చదివాడు. అప్పుడు మత్తు చుక్క వేశారు. అరనిమిషంలో అతని భుజాలు సడలాయి. తరవాత నారింజ రంగు ఫ్లోరెసిన్ కాగితాన్ని కింది రెప్ప లోపల తాకించి, స్లిట్ ల్యాంప్‌కు నీలం వెలుగు పెట్టారు. ఇక్కడ మీరూ వంగి చూడాలి. నల్లగుడ్డు మీది పారదర్శకమైన పొర (కార్నియా) మీద పైనుంచి కిందికి సన్నటి గీతలు, ఆకుపచ్చగా మెరుస్తున్నాయి.

“గీతలు నిలువుగా ఎందుకున్నాయి?”

ఎవరూ మాట్లాడలేదు. ఒక అబ్బాయి మాత్రం మెల్లగా అన్నాడు: “రెప్ప కొట్టినప్పుడల్లా గీసుకుంటోంది సార్. నలుసు పైరెప్ప కింద ఉంది.”

పైరెప్పను మడిచారు. లోపలి ఎర్రటి పొర మీద ఆవగింజలో పావు వంతు కూడా లేని నల్లటి రవ్వ. తడిపిన దూదిపుల్లతో ఒక్కసారి తుడిస్తే వచ్చేసింది. కానీ డాక్టరు అక్కడితో ఆపలేదు. మళ్లీ స్లిట్ ల్యాంప్ దగ్గర కూర్చోబెడితే కార్నియాలో దిగబడ్డ ఇంకో రవ్వ కనబడింది. దాన్ని 26 నంబరు సూదితో, మొన కంటికి ఎదురుగా కాకుండా పక్కగా పెట్టి లేపి తీయాలి. “గడ్డం కదిలించకన్నా, నా చెవి వైపు చూడు” అన్నారు. చూస్తున్న మీకే ఊపిరి ఆగిపోతుంది.

“మీరేం పని చేస్తరు?” అని డాక్టరు అడిగారు. అతను చెప్పాడు. ఆ జవాబు పట్టుకునే అసలు పాఠం మొదలైంది. బొగ్గు రవ్వ తుప్పు పట్టదు, కానీ తీయకపోతే నల్లమచ్చ అక్కడే నిలిచిపోతుంది. ఇనుప రవ్వ అయితే ఒక్క రోజులోనే చుట్టూ తుప్పు వలయం కడుతుంది, దాన్నీ గీకాలి. గ్రైండర్ దగ్గరో, సుత్తి దెబ్బకో ఎగిరిన ముక్క అయితే అంత వేగానికి గుడ్డులోకే దూసుకుపోవచ్చు. బయటికి చిన్న గాటే కనిపిస్తుంది, లోపల కన్ను పోతుంది. వెంటనే ఎక్స్‌రేకో, సీటీకో పంపాలి. ఇనుము ఉందన్న అనుమానం ఉంటే ఎంఆర్ఐ జోలికి పోకూడదు. కన్ను అదే, ఎరుపూ అదే. పని వేరైతే వైద్యం వేరు.

వెల్డరు వంతు త్వరగానే అయిపోయింది. అద్దం లేకుండా ఆర్క్ చూస్తే అతినీల కిరణాలకు కార్నియా పైపొర కమిలిపోతుంది. కొన్ని గంటల తరవాత, సరిగ్గా నిద్రపోయే వేళకు మంట మొదలవుతుంది. ఒకటి రెండు రోజుల్లో మానుతుంది. మత్తు చుక్కల సీసా ఇంటికి ఇవ్వమని అతను బతిమాలాడు, ఇవ్వలేదు. పదేపదే వేస్తే గాయం మానదు.

పొలం నుంచి వచ్చినామె కొంగు తీసింది. నల్లగుడ్డు మీద బూడిద రంగు మచ్చ, అంచులు పీచుపీచుగా ఉన్నాయి. వారం కింద వరి ఆకు కోసుకుందట. ఎవరో చెబితే ఆకుపసరు పోశారు. డాక్టరు పుండు అంచును కొద్దిగా గీకి గాజు పలక మీద పెట్టి, పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి సూక్ష్మదర్శిని కింద ఉంచారు. విద్యార్థులు ఒక్కొక్కరే చూశారు. కొమ్మలు కొమ్మలుగా ఫంగస్ దారాలు. దీనికి ఏ మందు మేలో తేల్చింది కూడా దక్షిణ భారతమే. అరవింద్ కంటి ఆస్పత్రుల్లో 323 మంది రోగులతో జరిగి 2013లో అచ్చయిన అధ్యయనం, కొత్తదైన వోరికొనజోల్ కంటే పాత నాటామైసిన్ చుక్కలే బాగా పనిచేస్తాయని చూపింది. ఈమెకూ అవే రాశారు, పగలంతా గంట గంటకూ వేసుకోవాలని.

ఇక పెద్దాయన. పిన్‌హోల్ పెట్టి చూపించినా అక్షరాలు తేటపడలేదు. అంటే అద్దాలతో సరిపోదు. శుక్లం ముదిరింది.

“ఏం పని చేసిండ్రు పెద్దయ్యా?” ఈసారి అడిగింది విద్యార్థినే.

“బాయిల చేసిన బిడ్డా. ముప్పై ఏండ్లు. ఐదేండ్లకోపారి పీఎంఈకి పిలుస్తుండె. కండ్లు చూసి ఫిట్ అని రాస్తుండె.”

ఆ మాట దగ్గర కాసేపు ఆగాలనిపిస్తుంది. గనుల నియమావళి ప్రకారం కనీసం ఐదేళ్లకోసారి జరగాల్సిన పీఎంఈ, అంటే ఆ వైద్య పరీక్ష, అవసరమైనదే, దాని వల్ల ఎందరికో మేలు జరిగింది. కానీ అది అడిగేది ఒకటే: ఈ కన్ను పనికి సరిపోతుందా? పని కంటికి ఏం చేసింది అన్నది వేరే ప్రశ్న. ఆ ప్రశ్న అడగాల్సింది బోధనాసుపత్రి.

అడిగితే ఏం జరుగుతుందో చరిత్రలో ఉంది. 19వ శతాబ్దపు ఐరోపా బొగ్గు గనుల్లో కార్మికుల కనుగుడ్లు ఆగకుండా అదిరేవి, దీపాలు నాట్యమాడినట్టు కనిపించేవి. ‘మైనర్స్ నిస్టాగ్మస్’ అన్నారు. బ్రిటన్‌లో 1907 నుంచి దానికి పరిహారం కూడా ఇచ్చారు. వంగి తవ్వే భంగిమ వల్లే అని చాలామంది నమ్మారు. లూయెలిన్ అనే వైద్యుడు 1912లో వెలువరించిన పుస్తకంలో కారణం వెలుతురు చాలకపోవడమే అని వాదించాడు. పేలుడును ఆపే సేఫ్టీ ల్యాంపులు వాడే గనుల్లో వెలుగు మరీ తక్కువ, జబ్బు మరీ ఎక్కువ. నల్లటి బొగ్గు గోడ ఆ కాస్త వెలుగునూ మింగేస్తుంది. మంచి విద్యుత్ క్యాప్ ల్యాంపులు వచ్చాక ఆ జబ్బు దాదాపు కనుమరుగైంది. వైద్యుడు పని స్థలాన్ని చూశాడు కాబట్టి జబ్బు మూలం దొరికింది.

మన దగ్గరా అలాంటి కృషి ఉంది. ఎల్వీ ప్రసాద్ కంటి సంస్థ 1996–2000 మధ్య చేసిన సర్వేలో ఇక్కడ గోదావరి దాటితే వచ్చే పాత ఆదిలాబాద్ జిల్లా పల్లెలు కూడా ఉన్నాయి. నాలుగు ప్రాంతాల్లో 10,293 మందిని చూశారు. అంధత్వం 1.84 శాతం, అందులో 44 శాతానికి కారణం శుక్లాలు, 16 శాతానికి సరైన అద్దాలు లేకపోవడం. బొగ్గుబావి కన్ను మాత్రం ఇంకా ప్రత్యేకంగా లెక్కకు రావాల్సే ఉంది. ఓపెన్‌కాస్టుల్లో ఎండా దుమ్మూ మధ్య డంపర్ నడిపేవారికి కంట్లో కండ ఎంతగా పెరుగుతోంది? ఏ పనిలో నలుసులు ఎక్కువ పడుతున్నాయి, రక్షణ అద్దాలు ఎందుకు పక్కన పెట్టేస్తున్నారు? దీనికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. ఐసీఎంఆర్ ఎంబీబీఎస్ విద్యార్థులకు రెండు నెలల పరిశోధన స్టూడెంట్‌షిప్ ఇస్తుంది. ఓపీ రిజిస్టరులో ‘పని’ అన్న గడి ఒకటి గీసి, దాన్ని రోజూ నింపితే చాలు, ఆ రెండు నెలలకు సరిపడా విషయం ఈ బెంచీ మీదే దొరుకుతుంది.

పదకొండున్నర. పెద్దాయనకు ఆపరేషన్‌కు ముందు కంటి పొడవు కొలుస్తున్నారు, లోపల పెట్టే లెన్సు పవరు దాన్ని బట్టే. ఆయన చీటీ మీద విద్యార్థిని రాసింది: ‘భూగర్భ గని, 30 ఏళ్లు’.

గోదావరిఖనిలో, రామగుండంలో ఉండేవారికి ఒక మాట. కంట్లో నలుసు పడితే నలపకండి. శుభ్రమైన నీళ్లతో కడగండి, పసరు, పాలు, ఆముదం పోయకండి, మెడికల్ షాపులో అడిగి చుక్కలు కొనకండి. అదే రోజు దవాఖానకు వెళ్లండి. డాక్టరు అడగకపోయినా మీరేం పని చేస్తారో చెప్పి, చీటీ మీద రాయించండి.